ఇరవయ్యో పిన్ను మీద టేపు ముక్క

(హనుమకొండలో లాప్‌టాప్ రిపేరు నేర్చుకుంటున్న యువతీయువకుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

పోయిన వానాకాలంలో పరకాల దగ్గరి ఊరి నుంచి ఒకాయన నా షాపుకు వచ్చాడు. చేతిలో గుడ్డ సంచి, అందులో పాత లాప్‌టాప్. డిగ్రీ చదివే బిడ్డ కోసం సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. దానికి వైఫై లేదు. ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో వైఫై కార్డు తెప్పించి, ఒక షాపులో పెట్టించాడు. పని చేయలేదు. "కార్డు ఖరాబైంది, మిషన్ కూడా పాతదే, ఇంకోటి కొనుక్కోండి" అని చెప్పి పంపారట. ఆయన నన్ను ఒక్క మాటే అడిగాడు. "అన్నా, పిల్లకు పరీక్షలున్నయ్. ఇది నడుస్తదా, నడువదా, గదొక్కటి చెప్పున్రి."

ఆ ప్రశ్నకు మనం చెప్పే జవాబును బట్టి ఒక ఇంట్లో వేల రూపాయలు ఖర్చవుతాయి, లేదంటే మిగులుతాయి. తెలియకుండా "ఖరాబైంది" అనే హక్కు మనకు లేదు. అందుకే ఈ రోజు మదర్‌బోర్డు జోలికి, స్క్రీన్ జోలికి పోకుండా, అరచేతిలో సగం కూడా లేని ఈ ఒక్క కార్డు గురించే మాట్లాడతాను.

మన బల్ల మీదికి వచ్చే పాత లాప్‌టాప్‌లలో ఎక్కువ వాటికి వైఫై కార్డు పెట్టడానికి మినీ పీసీఐ ఎక్స్‌ప్రెస్ స్లాట్ ఉంటుంది. 52 పిన్నులు, కార్డు వెడల్పు 30 మిల్లీమీటర్లు. పొడవులో రెండు రకాలు: ఫుల్ సైజు దాదాపు 51 మిల్లీమీటర్లు, హాఫ్ సైజు దాదాపు 27. 2013 తర్వాతి మోడళ్లలో మెల్లగా ఎం.2 స్లాట్ వచ్చింది, అది వేరే ఆకారం. ఫుల్ సైజు చోట హాఫ్ కార్డు పెడితే స్క్రూ బిగించే బొడిపె దూరంలో ఉండిపోతుంది. కార్డు స్ప్రింగులా పైకి లేచి నిలబడుతుంది. చాలామంది దాన్ని అలాగే వదిలేసి మూత బిగిస్తారు. రెండు రోజులు నడుస్తుంది. బ్యాగులో వేసుకుని పరకాల నుంచి హనుమకొండకు బస్సులో రాగానే వైఫై మాయం. దానికి సన్నటి రేకు బ్రాకెట్ దొరుకుతుంది, వేసి బిగించండి.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. కార్డు పట్టిన ప్రతి స్లాటూ వైఫైది కాదు. అదే ఆకారంలో ఉండే స్లాట్‌ను కొన్ని మోడళ్లలో సిమ్ వేసే 3జీ కార్డు కోసం పెట్టారు, దానికి యూఎస్‌బీ లైన్లు మాత్రమే ఇచ్చారు. కొన్నింటిలో చిన్న ఎస్ఎస్‌డీ కోసం పెట్టారు. అక్కడ వైఫై కార్డు చక్కగా కూర్చుంటుంది కానీ పలకదు. అలాగే వైఫై పీసీఐ లైన్ మీద నడుస్తుంది, అదే కార్డులోని బ్లూటూత్ యూఎస్‌బీ లైన్ మీద నడుస్తుంది. వైఫై వచ్చి బ్లూటూత్ రాకపోతే వెంటనే కార్డును తిట్టకండి. ఆ స్లాట్‌కు యూఎస్‌బీ లైన్ ఇచ్చారో లేదో చూడండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. "వైఫై వస్తలేదు" అని కస్టమర్ ఒకే మాట అంటాడు. ఆ ఒక్క మాట కింద వేర్వేరు జబ్బులుంటాయి. కంప్యూటర్‌కు కార్డు కనబడటమే లేదా? కనబడినా రేడియో ఆఫ్‌లో ఉందా? రేడియో నడుస్తూ కూడా సిగ్నల్ అందుకోలేకపోతోందా? ఇది తేల్చుకోకుండా డ్రైవర్ల మీద డ్రైవర్లు, అంటే కార్డును విండోస్‌తో మాట్లాడించే సాఫ్ట్‌వేర్లు, వేస్తూ కూర్చుంటే పొద్దు గూకుతుంది తప్ప పని కాదు.

విండోస్‌లో డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు గుర్తుతో 'నెట్‌వర్క్ కంట్రోలర్' అని కనబడితే టెన్షన్ పడకండి, అది మంచి వార్త. స్లాట్ బాగుంది, కార్డుకు ప్రాణం ఉంది, డ్రైవర్ ఒక్కటే లేదు. దాని ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కు పోయి హార్డ్‌వేర్ ఐడీ చూడండి. 'వెన్' అంటే తయారు చేసిన కంపెనీ గుర్తు. దాని తర్వాత 8086 ఉంటే ఇంటెల్, 168సీ ఉంటే ఎథెరోస్, 14ఈ4 ఉంటే బ్రాడ్‌కామ్, 10ఈసీ ఉంటే రియల్‌టెక్. కార్డు మీది స్టిక్కర్‌ను నమ్మకండి, ఆ నంబర్‌ను నమ్మండి. స్టిక్కర్ ఎవరైనా అతికించగలరు.

డ్రైవర్ అసలే లేని సందర్భమూ ఉంది. వేగం ఎక్కువ అని కొత్త ఏఎక్స్ 200 కార్డు తెచ్చి విండోస్ 7 మిషన్‌లో పెడతారు. ఇంటెల్ దానికి విండోస్ 7 డ్రైవర్ ఇవ్వనే లేదు, 64 బిట్ విండోస్ 10 కావాలి. అంతకంటే పెద్ద ఉచ్చు ఏఎక్స్ 201. పేరులో ఒక్క అంకె తేడా, చూడ్డానికి ఒకేలా ఉంటుంది. కానీ వైఫై పనిలో సగం ప్రాసెసర్ వైపున్న చిప్‌సెట్ చేస్తేనే ఆ కార్డు నడుస్తుంది. దాన్ని సీఎన్‌వీఐ పద్ధతి అంటారు. పాత మిషన్‌లో అది కనబడే ప్రశ్నే లేదు. కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్ దాకా పోయి ఏఎక్స్ 201 తెచ్చుకున్న పిల్లవాడి ముఖం నేను చూశాను. కొనకముందు ఒక్క ఫోన్ చేసి అడిగి ఉంటే బాగుండేది.

కార్డు ఏమాత్రం కనబడకపోతే ఒక పని చేయండి. లినక్స్ ఉన్న పెన్‌డ్రైవ్ ఒకటి ఎప్పుడూ జేబులో పెట్టుకోండి. ఇన్‌స్టాల్ అక్కర్లేదు, దానితోనే బూట్ చేసి టెర్మినల్‌లో ఎల్ఎస్‌పీసీఐ అని కొట్టండి. స్లాట్‌లో ఏముందో అది వరసగా చూపిస్తుంది. అక్కడ వైఫై నడిచిందంటే కార్డు, స్లాట్, వైర్లు అన్నీ బాగున్నట్టే, తప్పు విండోస్‌లో ఉంది. నా లెక్కలో ఇంతకు మించిన పరీక్ష లేదు. అక్కడా కనబడకపోతే బ్యాటరీ తీసి, కార్డు తీసి, పిన్నులను మెత్తటి రబ్బరుతో తుడిచి మళ్లీ పెట్టండి. ఆ తర్వాత కార్డును పనిచేసే ఇంకో మిషన్‌లో వేసి చూడండి. అక్కడ కూడా లేకపోతే అప్పుడు "కార్డు పోయింది" అనండి.

కొన్ని కంపెనీల మిషన్లలో ఇంకో గోడ ఉంటుంది. కొత్త కార్డు పెట్టి ఆన్ చేయగానే, ఈ వైర్‌లెస్ కార్డుకు అనుమతి లేదని నల్ల తెర మీద ఒక మాట వచ్చి మిషన్ అక్కడే ఆగిపోతుంది. బయాస్‌లో, అంటే మిషన్ ఆన్ కాగానే అన్నింటికంటే ముందు నడిచే ప్రోగ్రామ్‌లో, ఆ కంపెనీ ఒప్పుకున్న కార్డుల జాబితా ఉంటుంది, దానికే వైట్‌లిస్ట్ అని పేరు. మన కార్డు ఎంత మంచిదైనా జాబితాలో లేకపోతే రానివ్వదు. మార్చిన బయాస్ ఎక్కించుకోమని యూట్యూబ్‌లో చెప్పేవాళ్లున్నారు. మధ్యలో కరెంటు పోయిందా, మిషన్ మొత్తం పోతుంది. ఇతరుల లాప్‌టాప్ మీద ఆ సాహసం చేయొద్దని నా మాట. ఆ కంపెనీ పార్ట్ నంబర్ ఉన్న పాత కార్డు వెతకండి, లేదా యూఎస్‌బీ వైఫై ముక్క ఒకటి పెట్టి పంపండి. అది అవమానం కాదు.

పరకాల ఆయన మిషన్‌లో ఇవేవీ కావు. కార్డు కనబడుతోంది, ఐడీ సరిపోయింది, డ్రైవర్ బాగుంది. లినక్స్ పెన్‌డ్రైవ్ వేసి, రేడియోను ఎవరైనా ఆపి పెట్టారా అని చూపించే ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్ అనే కమాండ్ కొట్టాను. 'హార్డ్ బ్లాక్డ్: ఎస్' అని వచ్చింది. అంటే సాఫ్ట్‌వేర్ కాదు, ఎక్కడో కరెంటు దారిలోనే దాన్ని ఆఫ్ చేసి పెట్టారు. ఇలాంటప్పుడు లాప్‌టాప్ ముందు అంచున ఉండే చిన్న వైఫై స్విచ్ చూడాలి, ఎఫ్ఎన్ బటన్‌తో పాటు వైఫై బొమ్మ ఉన్న బటన్ నొక్కి చూడాలి. ఆ మిషన్‌కు స్విచ్ లేదు. వైఫై లేకుండా అమ్మిన మోడల్ కదా, స్విచ్ ఎందుకు పెడతారు?

ఆ 52 పిన్నుల్లో ఇరవయ్యోదానికి ఒక ప్రత్యేకమైన పని ఉంది. మదర్‌బోర్డు ఆ పిన్నును సున్నా వోల్టులకు లాగి ఉంచినంతసేపు కార్డు తన రేడియోను మూసేస్తుంది. స్విచ్ జరిపినప్పుడు జరిగేది ఇదే. స్విచ్ లేని మోడళ్లలో కొన్నింటికి ఆ లైన్ ఎప్పటికీ ఆఫ్‌లోనే ఉండిపోతుంది. అంటే కార్డు తప్పేం లేదు. "నోరు మూసుకో" అని చెబుతున్నారు, అది మూసుకుంది. ఆ ఒక్క పిన్ను స్లాట్‌ను తాకకుండా టేపుతో కప్పేస్తే ఆ మాట కార్డుకు చేరదు.

కార్డు బయటికి తీశాను. చిప్‌లు లేని వెనకవైపు తిప్పాను. పిన్నుల వరసలో ఒక గంటు ఉంటుంది, దానికి ఒక పక్క పొట్టి వరస, ఇంకో పక్క పొడుగు వరస. వెనకవైపు సరి సంఖ్యల పిన్నులుంటాయి. గంటు పక్కనే పొడుగు వరసలో మొదటిది పద్దెనిమిది, రెండోది ఇరవై. మొబైల్ రిపేరు వాళ్ల దగ్గర ఉండే పసుపు రంగు కాప్టాన్ టేపు నుంచి బ్లేడుతో ఒక పోచ కోశాను. పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 0.8 మిల్లీమీటర్లే, కాబట్టి టేపు అంతకంటే సన్నగా ఉండాలి. ట్వీజర్‌తో పట్టి, భూతద్దం కింద, ఆ ఒక్క పిన్ను మీదే అతికించి గోటితో ఒత్తాను. మొదటిసారి పక్క పిన్ను మీదికి ఒరిగింది, తీసి మళ్లీ కోశాను. మామూలు సెల్లోటేపు వాడకండి, వేడికి దాని జిగురు కరిగి స్లాట్‌లోకి దిగుతుంది. స్విచ్ ఉండి పనిచేసే మిషన్లలో ఈ పని చేయకండి, ఆ తర్వాత స్విచ్‌తో వైఫై ఆగదు.

ఆన్ చేశాం. చుట్టుపక్కల షాపుల వైఫై పేర్లన్నీ టకటకా వచ్చేశాయి. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

యాంటెన్నా గురించి కూడా వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు మన చేతులతో జరిగేది ఇక్కడే. "రూటర్ పక్కన పెడితే వస్తది, వంటింట్లోకి పోతే పోతది" అని ఎవరైనా అంటే ముందు వైర్లు చూడండి. యాంటెన్నాలు స్క్రీన్ చుట్టూ మూతలో ఉంటాయి, అక్కడి నుంచి కీలు గుండా సన్నటి వైర్లు కిందికి వస్తాయి. మామూలుగా నల్లది మెయిన్, తెల్లది రెండోది, మూడోది ఉంటే బూడిద రంగు. వైర్ కొసన ఉండే బుల్లి టోపీ కార్డు మీది గుండ్రటి బొడిపెకు పట్టాలి. కరీంనగర్‌లో వెండి తీగ పని చేసేవాళ్లను ఎప్పుడైనా చూశారా? తీగను ముందు సరిగ్గా కూర్చోబెడతారు, తర్వాతే ఒత్తుతారు. ఇక్కడా అంతే. టోపీ నిటారుగా బొడిపె మీద కూర్చుందని వేలికి తెలిశాకే ఒత్తండి, చిన్నగా టిక్ మంటుంది. వంకరగా ఉండగా ఒత్తితే టోపీ అంచు విచ్చుకుంటుంది, ఇక అది ఎప్పటికీ గట్టిగా పట్టదు. ఈ యూ.ఎఫ్ఎల్ కనెక్టర్లను దాదాపు 30 సార్లు తీసి పెట్టడానికే తయారు చేస్తారు. తీసేటప్పుడు వైర్ పట్టి లాగకండి.

ఎం.2 కార్డుల మీది బొడిపెలు ఇంకా చిన్నవి, పాత వైర్ల టోపీలు వాటికి పట్టవు. అడాప్టర్ వేసి ఎం.2 కార్డు పెట్టే ముందు ఇది గుర్తుంచుకోండి. వైఫై లేకుండా అమ్మిన కొన్ని మోడళ్లలో అసలు వైర్లే ఉండవు. అప్పుడు మూత విప్పి యాంటెన్నా రేకులు అతికించాల్సిందే. పాత స్క్రీన్ పగిలే ప్రమాదం ఉందని కస్టమర్‌కు ముందే చెప్పి, ఒప్పుకుంటేనే చేయండి.

అన్నీ బాగుండి కూడా పని కానివి కొన్ని ఉంటాయి. ఇంట్లో అన్ని వైఫైలు కనబడి తమ రూటర్ మాత్రం కనబడదంటారు. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌లో 13 చానళ్లు వాడుకోవచ్చు. అమెరికా కోసం తయారైన కార్డు 11 వరకే వింటుంది. రూటర్ తనంతట తాను 13కు పోయిందంటే ఆ కార్డుకు అది లేనట్టే. రూటర్‌లో చానల్ 6 అని పెడితే సరి. ఫోన్ హాట్‌స్పాట్ కనబడకపోతే అది 5 గిగాహెర్ట్జ్‌లో ఉందేమో చూడండి, పాత కార్డులు చాలావరకు 2.4 ఒక్కటే పడతాయి. హాస్టల్‌లోనో ఆఫీసులోనో పాత కార్డు మ్యాక్ అడ్రస్, అంటే ఒక్కో కార్డుకు వేరుగా ఉండే గుర్తింపు నంబర్, రాసుకుని ఉంటే, కొత్త కార్డుకు కొత్త అడ్రస్ ఉంటుంది కాబట్టి లోపలికి రానివ్వరు. వాళ్లకు కొత్తది రాసి ఇవ్వాలి.

ఇంకొకటి. కనెక్ట్ అయింది, సిగ్నల్ నిండుగా ఉంది, కానీ ఏ సైట్ తెరిచినా సెక్యూరిటీ హెచ్చరిక. కుడి మూలన తేదీ చూడండి, 2009 అనో ఇంకేదో అనో ఉంటుంది. లోపలి గడియారం బ్యాటరీ అయిపోయింది. తేదీ తప్పయితే సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని బ్రౌజర్ అనుకుంటుంది. సాధారణంగా అది సీఆర్ 2032 నాణెం బ్యాటరీ, లాప్‌టాప్‌లో చాలాసార్లు రెండు వైర్లతో, చిన్న ప్లగ్గుతో ఉంటుంది. కార్డు పెట్టడానికి మిషన్ ఎలాగూ విప్పారు కదా, దాన్ని కూడా మార్చి పంపండి. ఆ పరకాల మిషన్‌లో కూడా మార్చాను. లేకపోతే వారం తిరక్కముందే ఆయన మళ్లీ బస్సెక్కి రావాల్సి వచ్చేది.

ఇప్పుడు మీ ముందు బల్లల మీద ఆరు పాత లాప్‌టాప్‌లున్నాయి. ఒక్కోదానిలో నేను ఒక్కో తప్పు పెట్టాను, ఒకదానిలో కార్డు నిజంగానే చెడిపోయింది. ఇద్దరేసి కూర్చోండి. ఛార్జర్ తీసేయండి, బ్యాటరీ తీసేయండి, పవర్ బటన్ పది సెకన్లు నొక్కి పట్టుకోండి. ఆ తర్వాత స్క్రూలు విప్పడం మొదలుపెట్టండి.