నయాగరా ఒడ్డున భూమిలోకి 55 మీటర్లు: పాత పవర్ హౌస్ సొరంగం

నమస్తే అండి! టొరంటో నుంచి నయాగరా వచ్చే మనవాళ్లు చాలామంది జలపాతం చూసి, పడవెక్కి వెనక్కి వెళ్లిపోతారు. ఈసారి నయాగరా జలపాతాల్లో పెద్దదైన హార్స్‌షూ ఫాల్స్‌కి కాస్త ఎగువన, నది ఒడ్డునే ఉన్న ఈ రాతి భవనంలోకి రండి. 1905లో కరెంటు ఇవ్వడం మొదలుపెట్టి, 2006లో ఆగిపోయిన జలవిద్యుత్ కేంద్రమిది. 2021లో జనానికి తెరిచారు, అడుగున ఉన్న సొరంగాన్ని 2022లో.

రాగానే లిఫ్టు దగ్గరికి పరుగెత్తకండి. ముందు ఈ హాల్లో వరసగా ఉన్న 11 జనరేటర్లు చూడండి. మరి వీటిని తిప్పే టర్బైన్లేవి? మన కాళ్ల కింద, బాగా లోతులో ఉన్నాయి. నది నీళ్లు పెద్ద గొట్టాల్లో నిలువునా దూకి టర్బైన్‌ని తిప్పేవి. ఆ తిరుగుడుని పొడవాటి ఉక్కు షాఫ్టు ఇంత పైదాకా తెచ్చేది. ఇది బుర్రలో పెట్టుకుని దిగితే అద్దాల లిఫ్టులోంచి కనిపించే ప్రతి అంతస్తూ అర్థమవుతుంది. ఇక్కడ తయారైన కరెంటు 25 హెర్ట్జ్, అంటే సెకనుకి 25 సార్లు అటూ ఇటూ ఊగే కరెంటు. మన ఊళ్లో 50, కెనడాలో ఇప్పుడు 60. అంత తక్కువైతే బల్బు మిణుకుమిణుకుమనడం కంటికి తెలిసిపోతుంది.

పని ముగించిన నీళ్లు నదిలోకి వెళ్లిన దారే ఈ 670 మీటర్ల సొరంగం. లాంతరు వెలుగులో, డైనమైట్‌తో, గునపాలతో, పారలతో తవ్వారు. గోడ దగ్గరికి రండి, ఇటుకల సందుల్లోంచి ఊరిన సున్నం తెల్లటి చారలు కట్టింది. వందేళ్లు నీటి ఉరవడిని కాచిన ఇటుక పని, చేత్తో పేర్చింది!

రానూపోనూ 1.3 కిలోమీటర్ల పైమాటే. అమ్మానాన్నలతో వస్తే తొందరపెట్టకండి. నేల తడి, జారని బూట్లు వేయించండి. వేసవిలోనూ లోపల చల్లగా ఉంటుంది, స్వెట్టర్ ఉండాలి. ఇండియాలో కొన్న కెమెరా అయితే ఫ్లికర్ సెట్టింగ్ 50 నుంచి 60కి మార్చండి, లేకపోతే లైట్ల కింద వీడియోలో చారలు పరిగెడతాయి. చల్లబడ్డ ఫోను బయటి ఉక్కపోతలోకి రాగానే లెన్స్‌కి ఆవిరి పడుతుంది. తుడిచినా మళ్లీ పడుతుంది, రెండు మూడు నిమిషాలు ఆగండి.

ఇంత మంచి కేంద్రం ఎందుకు మూసేశారంటే, ఇవే నీళ్లు దిగువన సర్ ఆడమ్ బెక్ కేంద్రానికి పంపితే ఇంకా ఎక్కువ ఎత్తు నుంచి పడతాయి, కరెంటు ఎక్కువొస్తుంది.

ఇదిగో, సొరంగం చివర. ఎదురుగా నది, పక్కనే హార్స్‌షూ ఫాల్స్. తుంపర మీద పడుతోంది, ఫోను లోపల పెట్టేసి చూడండి.