దుప్పటి తీసి చూడండి: ఎపిలెప్సీ ఫెలోషిప్ గురించి డీఎం పిల్లలతో నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. మేడం అనొద్దు, అక్కా అంటే చాలు, మీ వయసులో నేనూ ఇలాగే ఆఖరి వరసలో కూర్చుని ఫోన్ చూసుకునేదాన్ని. తెలుగులోనే మాట్లాడమన్నారు కాబట్టి తెలుగులోనే కానిస్తాను, మందుల పేర్లూ మెషిన్ల పేర్లూ ఎలాగూ మనం పలికే పద్ధతిలోనే వస్తాయి, సర్దుకుపోండి.

న్యూరాలజీలో డీఎం, అంటే మెదడూ నరాల జబ్బుల పైచదువు, అయ్యాక ఎపిలెప్సీ ఫెలోషిప్, అంటే ఫిట్స్ జబ్బు మీదే ఇంకో శిక్షణ, చేస్తానని ఇంట్లో చెప్తే మా అమ్మ అడిగిన మొదటి మాట, "ఇంకా ఏం చదువే, ఫిట్స్‌కి మందు రాయడం ఇప్పటికీ రాలేదా నీకు?" అని. నవ్వకండి, ఆవిడ అడిగింది న్యాయమే కదా. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, డీఎం మూడేళ్లు, ఎంట్రెన్సులకి పోయిన కాలం లెక్కలో వెయ్యకుండానే పదకొండున్నరేళ్లు. బయట ప్రాక్టీసు పెట్టుకుంటే చేతినిండా పనీ డబ్బూ ఉండగా ఇంకో ఏడాది స్టైపెండు మీద బతకడం ఎందుకు? అప్పుడు నా దగ్గర జవాబు లేదు, ఈఈజీ, అదే మెదడు కరెంటు అలల రికార్డు, బాగా చదవడం వస్తుందిలే అనుకుని వెళ్లిపోయా.

జవాబు ఆ తర్వాత దొరికింది, అదీ నా తప్పులోనే దొరికింది. డీఎం రెండో ఏడాదిలో నేనొక ఈఈజీ చదివా. బస్సు డ్రైవరు, నలభై దాటిన మనిషి, ఎండాకాలం పొద్దున్నించీ ఏమీ తినకుండా క్యూలో నిలబడి కళ్లు తిరిగి పడిపోయాడు, పడ్డాక చేతులు రెండుసార్లు కొట్టుకున్నాయని పక్కనున్నవాళ్లు చెప్పారు. ఈఈజీలో టెంపోరల్ వైపు, అంటే కణత దగ్గర, మొనదేలిన అలలు కొన్ని కనిపించాయి, నేను ధైర్యంగా "ఎపిలెప్టిఫార్మ్ డిశ్చార్జెస్", అంటే ఫిట్స్ జబ్బు గుర్తులు, అని రాసి సంతకం పెట్టేశా. మందు మొదలైంది, ఉద్యోగం పోయింది. ఫెలోషిప్ అయి తిరిగొచ్చాక అదే మనిషి అదే ఫైలు పట్టుకుని ఓపీకి వచ్చాడు, ఇప్పుడు ఒక షాపులో వాచ్‌మన్. ఆ కాగితాలు ముందేసుకుని చూస్తే అవి వికెట్ వేవ్స్, కమానులు వరసగా నిలబెట్టినట్టుంటాయి, పెద్దవాళ్లకి మగత పట్టినప్పుడు మామూలుగానే వస్తాయి, జబ్బు కానే కాదు. స్పృహ తప్పి పడ్డవాడికి ఫిట్స్ లేకపోయినా ఒకటి రెండు జెర్కులు రావచ్చని పుస్తకంలో చదివే ఉన్నాను, అయినా ఆ రోజు అడగాల్సింది అడగలేదు. మందు నెమ్మదిగా తగ్గించి ఆపేశాం, ఏమీ కాలేదు, కానీ ఆ ఉద్యోగం మళ్లీ రాలేదు. రిపోర్టు కింద ఉన్న సంతకం నాదే అని ఆయనకి చెప్పా. ఆయన కాసేపు చూసి "పోన్లెండమ్మా, ఇప్పుడన్నా చెప్పారు" అన్నాడు. తిట్టుంటే బావుండేది.

అందుకే చెప్తున్నా, ఫెలోషిప్‌లో స్పైక్, అంటే ఫిట్స్ జబ్బుని చూపించే మొనదేలిన అల, గుర్తుపట్టడం నేర్పుతారని అందరూ అనుకుంటారు గానీ అసలు నేర్పేది స్పైక్ కానిదాన్ని వదిలెయ్యడం. మొదటి మూడు నెలలు మా సార్ నాతో రోజూ మామూలు ఈఈజీలే చదివించారు, నాకైతే విసుగొచ్చేసింది. హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి తల మీంచి ఈ అలలు పట్టుకుని, ఐదేళ్లపాటు తన మీద తనకే నమ్మకం చాలక 1929లో గానీ బయటపెట్టలేదు, మనమేమో ఇరవై నిమిషాల రికార్డింగుని రెండు నిమిషాల్లో తేల్చేస్తాం.

ఇక వీడియో ఈఈజీ వార్డు. అక్కడ పేషెంటుకి తల నిండా వైర్లు, ఎదురుగా కెమెరా, మందులు కొద్దికొద్దిగా తగ్గిస్తారు, అంటే ఫిట్స్ ఎప్పుడొస్తాయా అని మనం కాచుక్కూచునే చోటు. ఫెలో నిద్ర అక్కడే పోతుంది. నా మొదటి వారంలో రాత్రి రెండింటికి ఒకబ్బాయికి వచ్చింది, టెక్నీషియన్ కేకేశాడు, నేను పరిగెత్తా, ఆక్సిజన్ పెట్టా, పక్కకి తిప్పా, అంతా కరెక్టుగా చేశాననుకున్నా. పొద్దున సార్ వీడియో వేసి అడిగిన మొదటి ప్రశ్న, "దుప్పటి ఎందుకు తియ్యలేదు?" అని. చలికి వాళ్లమ్మ మెడ దాకా కప్పింది, నేనూ తియ్యలేదు, లైటూ వెయ్యలేదు. వీడియోలో కనిపించింది మొహం, ఊగుతున్న దుప్పటి, అంతే. ఆ కింద కుడి చెయ్యి బిగుసుకుని మెలి తిరిగిందా, ఎడం చెయ్యి బట్టల్ని తడుముతోందా, అన్నది తెలిస్తే తేడా ఎడం టెంపోరల్ లోబ్‌లో ఉందని చాలావరకు అక్కడే తెలిసిపోయేది. బిగుసుకునే చెయ్యి ఎదుటి వైపు మెదడు సంగతి చెప్తుంది, తడిమే చెయ్యి తన వైపుదే. ఫిట్ అయిపోయాక ఏ చేత్తో ముక్కు తుడుచుకున్నాడో కూడా చూడాలి, టెంపోరల్ వాళ్లలో ఎక్కువసార్లు అదీ జబ్బున్న వైపు చెయ్యే. అంత పెద్ద ఎమ్మారై మెషిన్ పెట్టుకుని ముక్కు తుడుచుకోవడం చూడ్డమేంటి అంటారు, కానీ స్కాన్‌లో కనిపించిన మచ్చా ఫిట్స్ పుట్టే చోటూ ఒకటేనా అన్నది స్కాన్ చెప్పదు.

ఇంకొకటి, మాట. ఫిట్ నడుస్తుండగా నర్సు ఒక పదం చెప్పి గుర్తుపెట్టుకోమంటుంది, తేరుకున్నాక అడుగుతుంది. మేం తెలుగు పేషెంట్లకి "ఆవకాయ" అని చెప్పేవాళ్లం. ఒక పెద్దాయనకి తేరుకున్నాక మాట రావడానికి ఆరు నిమిషాలు పట్టింది, ఆ ఆరు నిమిషాలే మాకు కావాల్సింది, మాట అంత ఆలస్యమైందంటే మాటల వైపు మెదడే దెబ్బతిన్నదని అనుమానం బలపడుతుంది. అక్కడున్న మలయాళీ సిస్టర్ ఆయన్ని ఇంగ్లీషులో అడిగుంటే లెక్కే తప్పేది, వచ్చీరాని భాషలో తడబడితే అది జబ్బు వల్లో భాష వల్లో ఎవరికి తెలుస్తుంది? ఆపరేషన్‌కి ముందు చేసే జ్ఞాపకశక్తి పరీక్షలకీ ఇదే గొడవ. మన రెండు రాష్ట్రాల్లో ఫెలోషిప్ సీట్లు ఎందుకు పెరగాలి అని ఎవరన్నా అడిగితే నేను ముందు ఇదే చెప్తా.

ఆపరేషన్ అన్నాను కదా, అక్కడికొద్దాం. గ్లాస్గో వాళ్లు 2000లో వేసిన పేపర్ మీరు చదివే ఉంటారు, కొత్తగా మందు మొదలెట్టిన 470 మందిలో 47 శాతానికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి, రెండోదో మూడోదో వేశాక ఇంకో 14 శాతానికి, అంతే. సరిగ్గా ఎంచుకుని సరైన డోసులో వాడిన రెండు మందులు పనిచెయ్యకపోతే దాన్ని మందులకి లొంగని ఎపిలెప్సీ అనాలని అంతర్జాతీయ సంఘం ఐఎల్ఏఈ 2010లో చెప్పేసింది. మన దగ్గర జరిగేదేంటి? మూడో మందు, నాలుగో మందు, మధ్యలో ఒకసారి తాయెత్తు, మళ్లీ ఐదో మందు. కెనడాలో 80 మందితో చేసి 2001లో వేసిన ట్రయల్‌లో ఏడాది తిరిగేసరికి స్పృహ పోయే ఫిట్స్ లేకుండా ఉన్నది ఆపరేషన్ గ్రూపులో 58 శాతం, మందుల గ్రూపులో 8 శాతం. పరాయి దేశం లెక్కలంటారేమో, ఢిల్లీ ఎయిమ్స్‌లో 116 మంది పిల్లలతో చేసి 2017లో వేశారు, ఏడాదికి ఫిట్స్ లేకుండా ఉన్నది ఆపరేషన్ వైపు 77 శాతం, మందుల వైపు 7 శాతం. అయినా నా దగ్గరికి పిల్లలు పదేళ్లూ పదిహేనేళ్లూ మందులు మింగాకే వస్తున్నారు.

అలాగని ఫెలోషిప్ చేసొచ్చి అందర్నీ ఆపరేషన్ థియేటర్‌కి పంపమని కాదు. వారానికోసారి కాన్ఫరెన్స్ ఉండేది, న్యూరోసర్జన్, రేడియాలజిస్టు, సైకాలజిస్టు, సోషల్ వర్కరు అందరూ కూర్చుంటారు, ఫెలో కేసు చెప్పాలి. నేను చెప్పిన వాటిలో సగం దాకా "వద్దు" అనే ముగిశాయి, మచ్చ ఒక చోటా ఫిట్స్ ఇంకో చోటా, లేదా రెండు వైపులా. ఆ "వద్దు" మాట బయట వరండాలో ఎదురుచూస్తున్న నాన్నకి చెప్పే పని కూడా ఫెలోదే. డీఎంలో ఎవరూ నేర్పలేదు నాకది.

మందులు ఆపెయ్యాల్సిన వాళ్లూ ఉంటారు. వీడియో ఈఈజీ వార్డుకి వచ్చేవాళ్లలో తక్కువేం కాదు, వాళ్లవి అసలు ఎపిలెప్సీ ఫిట్సే కావు, మనసులోని బాధ ఒంట్లోంచి అలా బయటికొస్తుంది, కళ్లు గట్టిగా మూసుకుని తల అటూ ఇటూ ఊపుతుంటారు. నటన కాదది, దయచేసి ఓపీలో ఆ మాట వాడకండి. తాళం చెవులు చేతిలో పెడితే తగ్గిందని ఇంట్లోవాళ్లు చెప్తారు చూశారూ, మామూలు ఫిట్ కూడా ఒకటి రెండు నిమిషాల్లో దానంతటదే ఆగుతుంది, తాళాలు వెతికి తెచ్చేసరికి ఆ టైమే అవుతుంది, పేరు మాత్రం తాళాలకి.

ఓపీలో ఏం మారింది అంటే ప్రశ్నలు మారాయి. డిగ్రీ చదివే అమ్మాయి, పరీక్షల ముందు రాత్రంతా మేలుకున్న మర్నాడు ఫిట్ వచ్చింది, కార్బమజెపిన్ అనే ఫిట్స్ మందు రాశారు, ఇంకా ఎక్కువైంది. ఇప్పుడైతే నేను అడిగేది ఒకటే, "పొద్దున్నే చేతిలోంచి గ్లాసు ఎగిరి పడుతోందామ్మా?" వాళ్లమ్మ వెంటనే అందుకుంటుంది, "అవునండీ, కాఫీ ఒలకబోస్తుందని రోజూ తిడుతున్నా." జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, అంటే కుర్ర వయసులో మొదలై చేతులు ఉలిక్కిపడేలా చేసే ఫిట్స్ జబ్బు, ఆ కార్బమజెపిన్ దాన్ని ఎగదోస్తుంది. మరి వాల్‌ప్రోయేట్ ఇద్దామా? బాగా పనిచేస్తుంది, కానీ రేపు పెళ్లయి కడుపుతో ఉంటే పదిమందిలో ఒకరి బిడ్డకి పుట్టుకతోనే లోపాలు, ముగ్గురు నలుగురి పిల్లలకి ఎదుగుదల, చదువు దగ్గర ఇబ్బందులు. తిరువనంతపురం శ్రీచిత్ర ఆసుపత్రిలో 1998 నుంచి ఇలాంటి తల్లుల వివరాలు నమోదు చేసే కేరళ రిజిస్ట్రీ నడుస్తోంది. వాళ్లమ్మ అడిగేది మాత్రం పెళ్లి సంబంధం వాళ్లకి చెప్పాలా అని. హిందూ వివాహ చట్టంలో పెళ్లికి అడ్డంకిగా రాసిన ఎపిలెప్సీ అనే మాటని 1999లోనే తీసేశారని చెప్తా, చెప్పి చేసుకుంటేనే మందు దాచుకోకుండా వేసుకుంటుందనీ చెప్తా.

ఇంకో రకం, తలంటు. వేడినీళ్లు చెంబుతో తల మీద గబగబా పోస్తుంటే పిల్లాడు ఎటో చూస్తూ ఉండిపోతాడు. హాట్ వాటర్ ఎపిలెప్సీ, దక్షిణ కర్ణాటకలో బాగా ఉంటుంది, బెంగుళూరు నిమ్‌హాన్స్ ఆసుపత్రి వాళ్లు దీని మీద ఎంతో పని చేశారు. చాలామందికి గోరువెచ్చని నీళ్లు చాలు, లేదా స్నానానికి ముందు ఒక క్లోబజామ్ మాత్ర. అనంతపురం, హిందూపురం వైపు పనిచేసేవాళ్లు ఈ ప్రశ్న మర్చిపోవద్దు.

ఎక్కడ చెయ్యాలి అని అడుగుతారు కాబట్టి చెప్తా. శ్రీచిత్రలో, నిమ్‌హాన్స్‌లో డీఎం తర్వాత ఎపిలెప్సీలో పోస్ట్ డాక్టొరల్ ఫెలోషిప్ ఉంది, శ్రీచిత్రలో ఆపరేషన్లు 1995లో మొదలయ్యాయి. అమెరికాలో ఉన్న మనవాళ్లు నాలుగేళ్ల రెసిడెన్సీ తర్వాత ఏడాది చేస్తారు, అక్కడ ఎపిలెప్సీకి విడిగా బోర్డు పరీక్ష 2013లో మొదలైంది. మీరెక్కడ చేరినా ముందు ఒక్కటి కనుక్కోండి, వారానికి ఎన్ని కేసులు వీడియోకి ఎక్కుతాయి, వాటిని ఫెలో పక్కన కూర్చుని చదివించే మనిషి ఉన్నాడా లేడా అని. గోడ మీది సర్టిఫికెట్లు చూసి చేరకండి.

సరే, టైమ్ అయిపోతోందని చెయ్యి ఊపుతున్నారు. మూడు వీడియోలు తెచ్చాను, అనుమతి తీసుకున్నవే, మొహాలు కనపడవు. వెనకాల ఆ లైట్లు ఆపండి తమ్ముడూ. మొదటిదానిలో వాళ్లమ్మ దుప్పటి లాగేస్తుంది, అప్పటి నుంచి పది సెకన్లు కుడి చెయ్యి మాత్రమే చూడండి, ఎవరూ ముందే డయాగ్నసిస్ చెప్పెయ్యొద్దు.