డనోటర్ కోట నుంచి కిరీటం ఎలా బయటపడింది?

[సముద్రం మీద నుంచి కోట. గాలి హోరు.]

స్కాట్లాండ్ తూర్పు తీరంలో, స్టోన్‌హేవెన్ ఊరికి కాస్త దక్షిణంగా, సముద్రంలోకి చొచ్చుకొచ్చిన పెద్ద బండ ఇది. ఎత్తు 50 మీటర్ల దాకా ఉంటుంది. దాని నెత్తిన డనోటర్ కోట. చుట్టూ నిట్టనిలువు కొండచరియలు. నేల వైపు నుంచి ఒకటే ఇరుకు దారి. ఆ దారిలో కూడా ముందు బాగా కిందికి దిగి, మళ్లీ ఎక్కాలి.

[బండ, బాగా దగ్గరగా.]

ఒక్కసారి ఈ బండను చూడండి. పల్లీ పట్టీ గుర్తొస్తోంది కదా! బెల్లం పాకంలో పల్లీలు ఇరుక్కున్నట్టు, ఎర్రటి రాతిలో నున్నటి గులకరాళ్లు. ఎప్పుడో కోట్ల ఏళ్ల కిందట నదులు మోసుకొచ్చిన రాళ్లవి.

[ముఖద్వారం.]

బండలో ఉన్న చీలికకు అడ్డంగా గోడ కట్టి, అందులో ద్వారం పెట్టారు. పక్కనే బండను తొలిచి కట్టిన అయిదంతస్తుల భవనం. దాని కింది గోడల్లో మూడు వరసల తుపాకీ రంధ్రాలు. ద్వారం దాటి లోపలికొచ్చినా, ఎదురుగా ఇంకొన్ని రంధ్రాలు మనల్నే చూస్తుంటాయి. నాకు ఈ కోటలో అన్నిటికన్నా గొప్పగా అనిపించే పనితనం ఇదే.

[పైన, బురుజు ఇల్లు, తర్వాత నాలుగు పక్కల భవనాలున్న ముంగిలి.]

ఎత్తుగా కనిపించే రాతి ఇల్లు 14వ శతాబ్దం చివర్లో కీత్ వంశంవాళ్లు కట్టించింది. రెండు వందల ఏళ్ల తర్వాత అదే వంశం ఈ ముంగిలి చుట్టూ రాజభవనం లాంటి గదులు కట్టించింది. వాటి కిందున్న నేలమాళిగలోనే 1685లో 167 మంది ఆడా మగా ఖైదీలను కుక్కేశారు. వాళ్లు చేసిన తప్పల్లా, చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోకపోవడం.

[వర్షంలో ద్వారం.]

ఇక కిరీటం సంగతి. 1651లో ఇంగ్లండ్ సేనాని క్రామ్‌వెల్ సైన్యం స్కాట్లాండ్‌ను ఆక్రమిస్తుంటే, దేశపు కిరీటాన్ని, రాజదండాన్ని, ఖడ్గాన్ని ఇక్కడ దాచారు. సైన్యం వచ్చి ముట్టడించింది. ఎనిమిది నెలలు గడిచాయి. చివరికి పెద్ద ఫిరంగులు రావడంతో, 1652 మేలో కోట లొంగిపోయింది. శత్రువులు లోపలికొచ్చి వెతికితే, కిరీటం లేదు!

పక్క ఊరు కినెఫ్ పాస్టరు భార్య క్రిస్టియన్ ఫ్లెచర్ వాటిని అంతకుముందే బయటికి తీసుకెళ్లిపోయింది. ఎలా అన్నదానికి రెండు కథనాలున్నాయి. శత్రువుల మధ్య నుంచే బట్టల్లో, నార మూటలో దాచి తెచ్చిందని ఒకటి. గోడ మీద నుంచి తాడుతో దించితే, సముద్రపు నాచు ఏరుకుంటున్న పనిమనిషి బుట్టలో వేసుకుందని ఇంకొకటి.

[కినెఫ్ చర్చి లోపల, నేల.]

భార్యాభర్తలు వాటిని చర్చి నేల కింద పాతిపెట్టారు. చెమ్మకు పాడవకుండా అప్పుడప్పుడూ రాత్రిపూట తవ్వి తీసి, పొయ్యి సెగ దగ్గర పెట్టి, తెల్లారేలోగా మళ్లీ పూడ్చేసేవాళ్లట. 1660లో రాజు రెండో చార్లెస్ ప్రవాసం నుంచి తిరిగొచ్చేదాకా, ఆ నేల కిందే ఉన్నాయి.