గుంపులో కదిలే యంత్రాలు: పగ్గం ఎవరి చేతిలో?

యాంకర్: డ్రైవర్ లేని కారు ఒకటి బాగా నడిస్తే, వంద కార్లూ బాగానే నడుస్తాయి కదా మేడమ్?

ప్రొఫెసర్: అక్కడే పొరపాటు పడతాం. జపాన్ పరిశోధకులు 2008లో ఒక ప్రయోగం ప్రచురించారు. 230 మీటర్ల గుండ్రటి బాట, 22 కార్లు, నడిపేది మనుషులే. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో సాఫీగా వెళ్ళమన్నారు. సిగ్నల్ లేదు, గుంత లేదు, అడ్డొచ్చేవాళ్ళు లేరు. అయినా కాసేపటికి ట్రాఫిక్ జామ్ పుట్టింది! పుట్టి, కార్లకు ఎదురుదిశలో వెనక్కి పాకింది.

యాంకర్: తప్పెవరిది?

ప్రొఫెసర్: ఎవరిదీ కాదు, అదే చిక్కు. ముందువాడు కొంచెం బ్రేకు తొక్కితే వెనకవాడు ఇంకొంచెం ఎక్కువ తొక్కుతాడు. బండి బండికీ ఆ కుదుపు తగ్గుతూ పోవాలి. దాన్నే స్ట్రింగ్ స్టెబిలిటీ అంటాం.

ఇంజనీరు: దానికి మందుంది. ముందున్న బండి వేగాన్ని రేడియోలో వెనకవాటికి చెప్పడమే. 1997లో అమెరికాలోని శాన్ డియాగోలో ఎనిమిది కార్లను అలాగే దగ్గరదగ్గరగా నడిపి చూపించారు.

ప్రొఫెసర్: సందేశం ఆలస్యమైతే?

ఇంజనీరు: ఎడం పెంచుతాం.

ప్రొఫెసర్: పెంచితే రోడ్డు మీద పట్టే బండ్లు తగ్గిపోతాయి. అంత కష్టపడింది దేనికి మరి?

యాంకర్: (నవ్వుతూ) ఆకాశంలో జాగాకి కొదవ లేదుగా సార్?

ఇంజనీరు: జాగా కంటే మాట ముఖ్యమండీ. రెండు విమానాలు ఢీకొనేలా ఉంటే, వాటిలోని టీకాస్‌లు, అంటే ఢీకొనకుండా హెచ్చరించే పరికరాలు, తమలో తాము తేల్చుకుని ఒకదాన్ని పైకెక్కమంటాయి, రెండోదాన్ని దిగమంటాయి. 2002 జులై 1 రాత్రి జర్మనీలోని యూబర్లింగెన్ మీద ఒక విమానాన్ని టీకాస్ ఎక్కమంది, కింద కంట్రోలర్ దిగమన్నాడు. పైలట్లు కంట్రోలర్ మాట విన్నారు. రెండో విమానం టీకాస్ చెప్పినట్టు దిగుతోంది. 71 మంది పోయారు.

ప్రొఫెసర్: అప్పట్లో ఎవరి మాట చెల్లాలన్నది నిబంధనల్లో అంత స్పష్టంగా లేదు. టీకాస్ మాటే వినాలని తర్వాత తేల్చి రాశారు. రేపు డ్రోన్ల గుంపుకైనా, ఎవరి మాట ముందు చెల్లాలో ఆ వరస ముందే రాసిపెట్టాలి.

యాంకర్: రోడ్డు మీద మనుషులూ యంత్రాలూ కలిసి నడిస్తే?

ఇంజనీరు: ఆశ ఉంది. అలాంటి గుండ్రటి బాట మీదే ఇరవైకి పైగా కార్లలో ఒక్క స్వయంచాలిత కారు ఆ వెనక్కి పాకే జామ్ అలను అణిచేసిందని 2018లో ప్రచురించారు. 2022లో అమెరికాలోని నాష్‌విల్ హైవే మీద వంద కార్లతోనూ పరీక్షించారు.

ప్రొఫెసర్: ఆ గుండ్రటి బాటలో లేన్ ఒక్కటే కదా. హైవే మీద మీ కారు వదిలిన ఖాళీలోకి పక్క లేన్ వాడు దూరతాడు!

ఇంజనీరు: దూరతాడు. వాడినీ సమీకరణంలో పెట్టాలి.