మూడు ఓడి, నాలుగు గెలిచారు

శ్రోతలకు నమస్కారం.

క్రికెట్‌ను కళ్ళతో చూడకముందే చెవులతో విని ప్రేమించిన తరం నాది. అందుకేనేమో, 1942 ఏప్రిల్‌లో కెనడా ప్రజలు రేడియో చుట్టూ చేరి విన్న ఒక పోరాటమంటే నాకు ప్రాణం. ఆట ఐస్ హాకీ. ఊళ్ళు కెనడాలోని టొరంటో, అమెరికాలోని డెట్రాయిట్. మధ్య దూరం 400 కిలోమీటర్ల లోపే, వైరం మాత్రం ఏళ్ళనాటిది.

ఆట గురించి రెండు మాటలు చాలు. గడ్డకట్టిన మంచు మీద స్కేట్లు తొడుక్కుని, గోల్‌కీపర్‌తో కలిపి జట్టుకు ఆరుగురు ఆడతారు. బంతి ఉండదు, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ళ ఉంటుంది. ఫైనల్లో ముందుగా నాలుగు మ్యాచ్‌లు గెలిచిన వారిదే లీగ్ విజేతకిచ్చే స్టాన్లీ కప్.

ఆ ఏడు టొరంటో మేపుల్ లీఫ్స్ బలమైన జట్టు. డెట్రాయిట్ రెడ్ వింగ్స్ లీగ్‌లో ఐదో స్థానంలో ఉన్న జట్టు. కానీ డెట్రాయిట్ ఒక ఎత్తు వేసింది. పక్‌ను ప్రత్యర్థి వైపు మూలకు బలంగా కొట్టేయడం, వెంటనే అందరూ దాని మీదికి దూసుకుపోవడం. టొరంటో రక్షణ ఆటగాళ్ళు వెనక్కి తిరిగి అందుకునే లోపే పక్ డెట్రాయిట్ కర్రలకు చిక్కేది. మొదటి మ్యాచ్ పోయింది. రెండోదీ పోయింది. మూడోదీ పోయింది.

నాలుగో మ్యాచ్‌కు ముందు టొరంటో కోచ్ హ్యాప్ డే చేసిన పని తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది. జట్టులో గోల్స్ చేయడంలో పేరుమోసిన గోర్డీ డ్రిల్లన్‌ను పక్కన కూర్చోబెట్టాడు. రక్షణలో బకో మెక్‌డొనాల్డ్‌ను కూడా తప్పించాడు. పెద్దగా ఎవరికీ తెలియని డాన్ మెట్జ్‌ను దించాడు. పద్నాలుగేళ్ళ అమ్మాయి రాసిన ఉత్తరాన్ని ఆటగాళ్ళకు చదివి వినిపించాడని కూడా చెబుతారు. ఉత్తరం మాట సరే, నన్ను కదిలించేది ఆ మార్పు. ఓడిపోతున్నప్పుడు పేరున్నవాణ్ణి తప్పించడానికి ఎంత గుండె కావాలి!

ఆ రాత్రి డెట్రాయిట్‌లో టొరంటో రెండు గోల్స్ వెనకబడింది. అయినా 4-3తో గెలిచింది. గెలుపు గోల్ చేసింది నిక్ మెట్జ్, డాన్‌కు అన్న. ఐదో మ్యాచ్‌లో డాన్ ఒక్కడే మూడు గోల్స్ కొట్టాడు, స్కోరు 9-3. ఆరోదానిలో గోల్‌కీపర్ టర్క్ బ్రోడా ఒక్క గోల్ కూడా పోనివ్వలేదు, 3-0.

ఏప్రిల్ 18. టొరంటోలోని మేపుల్ లీఫ్ గార్డెన్స్ స్టేడియంలో 16,218 మంది. పైకప్పు దగ్గర వేలాడే గదిలో మైకు ముందు రేడియో వ్యాఖ్యాత ఫాస్టర్ హ్యూయిట్. టీవీ లేదు, ఆ గొంతే దేశానికి కళ్ళు. మొదటి గోల్ డెట్రాయిట్‌ది. చివరి ఇరవై నిమిషాల ఆట మొదలయ్యేసరికి టొరంటో ఇంకా వెనకే ఉంది. అప్పుడు టొరంటో ఆటగాడు ష్రైనర్ గోల్. తర్వాత అదే జట్టు లాంజెల్ గోల్. మళ్ళీ ష్రైనర్. 3-1!

మూడు ఓడి నాలుగు గెలవడం స్టాన్లీ కప్ ఫైనల్లో అదొక్కసారే జరిగింది. 2024లో ఎడ్మంటన్ జట్టు ఫ్లోరిడా మీద మూడు ఓడి మూడు గెలిచింది, ఏడోదాన్ని 2-1తో పోగొట్టుకుంది.

ఈ ఆట చూడాలనుకునే వారికి నాదొక విన్నపం. జూన్‌లో ఫైనల్ మన సమయం ప్రకారం తెల్లవారుజామున వస్తుంది. మొదటిసారి చూస్తే పక్ కంటికి ఆనదు. దాని కోసం వెతకకండి. బెంచీ వైపు చూడండి. గోల్‌కీపర్ తప్ప ఒక్కో ఆటగాడు ఒక్కో విడతలో మంచు మీద ఉండేది సుమారు ముప్పావు నిమిషం, అంతే. ఆట సాగుతుండగానే అడ్డగోడ దాటి ఒకరు లోపలికి దూకుతారు, ఒకరు బయటికి వస్తారు. ఎవరిని ఎప్పుడు దించుతున్నారో పది నిమిషాలు గమనించండి, ఆ తర్వాత పక్ దానంతట అదే కనబడుతుంది.