నెట్ పోతే కోడ్ పోయే కోర్సు: ఆరు వారాలు వాడిన తర్వాత నా సమీక్ష

నమస్కారం. అమలాపురం నుంచి మాట్లాడుతున్నాను. తెర మీద పేరు కనిపిస్తున్న ఈ వెబ్ డెవలప్‌మెంట్ కోర్సుకు ఒక సంవత్సరం చందాను ఆ సంస్థే నాకు ఉచితంగా ఇచ్చింది. వీడియో చేసినందుకు డబ్బు ఇవ్వలేదు, విడుదలకు ముందు తమకు చూపించమని కూడా అడగలేదు. అయినా ఉచితంగా అందినదాని గురించి మాట్లాడుతున్నానన్న సంగతి మీకు మొదటే తెలియాలి. ఎన్ని గంటల పాఠాలు, ఎన్ని ప్రాజెక్టులు, ధర ఎంత, సర్టిఫికెట్ ఇస్తారా అన్న వివరాలను మీరు ఈపాటికే వాళ్ల పేజీలో చూసి ఉంటారు గనుక వాటిని మళ్లీ చదివి వినిపించను. ఆరు వారాల పాటు రోజూ రాత్రి రెండు గంటలు దీనితో కూర్చున్నాను. అందులో నన్ను బాగా బాధపెట్టిన ఒక విషయమూ, బాగా సంతోషపెట్టిన ఒక అధ్యాయమూ ఉన్నాయి. ఈ వీడియో దాదాపు ఆ రెండింటి గురించే.

ఆరో అధ్యాయంలో పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ భాషలోని గ్రిడ్ (గడుల అమరిక) మీద ఒక అభ్యాసం ఉంది. దినపత్రిక మొదటి పేజీ లాంటి అమరికను, పెద్ద తెరలో నాలుగు నిలువు వరుసలుగానూ ఫోన్‌లో ఒకే వరుసగానూ వచ్చేట్టు తయారుచేయాలి. నలభై నిమిషాలు కూర్చుని, ఒక్కొక్క గడిని సరిచూసుకుంటూ చివరిదాకా వచ్చాను. బయట మూడు రోజులుగా ముసురు పట్టి ఉంది. మా వీధి చివర కొబ్బరి మట్ట ఒకటి తీగల మీద పడి కరెంటు పోయింది. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గనుక ల్యాప్‌టాప్, రౌటర్ వెలుగుతూనే ఉన్నాయి, కానీ ఇంటర్నెట్ ఆగిపోయింది. అది గమనించక కోర్సు ఎడిటర్‌లో (వాళ్ల పేజీలోనే కోడ్ రాసే చోటు) 'రన్' నొక్కాను. తెర తెల్లబడింది. గంట తర్వాత కరెంటు వచ్చి పేజీ తిరిగి తెరుచుకుంటే, ఎడిటర్‌లో నేను రాసిన కోడ్ ఒక్క లైను కూడా లేదు. అభ్యాసం మొదట్లో వాళ్లు ఇచ్చిన నాలుగు లైన్లు మాత్రం యథాతథంగా ఉన్నాయి.

నా పొరపాటేమోనని మర్నాడు ఉద్దేశపూర్వకంగా పరీక్షించాను. ఇది మీరూ చేసి చూడవచ్చు, మీరు తయారుచేసే ప్రతి ఫారానికీ చేయాలి కూడా. క్రోమ్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి, నెట్‌వర్క్ ట్యాబ్‌లో వేగాన్ని ఎంచుకునే చోట 'ఆఫ్‌లైన్' పెట్టండి. వైఫై తీసేయనక్కరలేదు, ఆ ఒక్క పేజీకి మాత్రమే నెట్ ఆగిపోతుంది. అలా పెట్టి ఎడిటర్‌లో పది లైన్లు రాసి, పక్కనే అప్లికేషన్ ట్యాబ్‌లో లోకల్ స్టోరేజ్ (బ్రౌజర్ మన యంత్రంలోనే సమాచారం దాచే చోటు) తెరిచి చూస్తే అది ఖాళీగా ఉంది. అంటే మనం టైపు చేస్తున్నది 'రన్' నొక్కేదాకా ఎక్కడా నిలవ కావడం లేదు. 'రన్' నొక్కినప్పుడు కోడ్ సర్వర్‌కు వెళ్తుంది. అది చేరకపోతే పేజీ తెల్లబడి, తిరిగి తెరిచినప్పుడు మొదట ఇచ్చిన లైన్లనే తెచ్చి ముందు పెడుతుంది.

ఇందులో నాకు కష్టం కలిగించింది పోయిన నలభై నిమిషాలు కాదు. లోకల్ స్టోరేజ్‌లో ఒక్కొక్క సైటుకు సుమారు 5 మెగాబైట్ల చోటు ఉంటుంది, ట్యాబ్ మూసినా కంప్యూటర్ ఆపినా అందులోది చెరిగిపోదు. ఒక అభ్యాసంలో రాసే కోడ్ కొన్ని కిలోబైట్లు మించదు. టైపు చేయడం ఆగిన ప్రతిసారీ దాన్ని అక్కడ దాచి, పేజీ తెరిచినప్పుడు తిరిగి తీసుకురావడానికి పదిహేను లైన్ల జావాస్క్రిప్ట్ చాలు. ఆ పదిహేను లైన్లు ఎలా రాయాలో ఇదే కోర్సు తొమ్మిదో అధ్యాయం చక్కగా నేర్పుతుంది. విద్యార్థికి నేర్పిన జాగ్రత్తను విద్యార్థి పని విషయంలో పాటించకపోవడాన్ని నేను చిన్న లోపంగా చూడలేకపోతున్నాను. రాజోలులోనో ముమ్మిడివరంలోనో ఫోన్ హాట్‌స్పాట్ మీద చదువుకునే అమ్మాయికి నెట్ పోవడం అరుదైన ప్రమాదం కాదు, అది రోజువారీ సంగతి. వరుసగా రెండుసార్లు కోడ్ పోతే ఆమె తప్పు ఎడిటర్‌లో వెతకదు, తనకే ఈ పని రాదని అనుకుంటుంది. కాలేజీ పిల్లలకు నేర్పుతున్నప్పుడు ఇలా అనుకుని మానేసినవారిని నేను చూశాను.

నేను ఈ పని నేర్చుకున్న రోజుల్లో ఇంత సౌకర్యం లేదు. 1998లో మొదలైన డబ్ల్యూ3స్కూల్స్‌లో ఎడమవైపు కోడ్ మార్చి కుడివైపు ఫలితం చూసే చిన్న కిటికీయే నాకు మొదటి బడి. ఆ తర్వాత 2014లో వచ్చిన ఫ్రీకోడ్‌క్యాంప్‌లో వందలకొద్దీ అభ్యాసాలు చేశాను, అది నేటికీ పూర్తిగా ఉచితం. ఏది సరైనదో తేల్చుకోవాల్సి వచ్చినప్పుడు ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా వారి ఎండీఎన్ అనే వెబ్ పత్రాల సైటు తెరుస్తాను. 2005 నుంచి ఉన్న ఆ పత్రాల్లో ఒక్కొక్క లక్షణం ఏ బ్రౌజర్‌లో ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో పేజీ అడుగున పట్టికగా ఉంటుంది, పనిలో ఉన్నవారు ముందు చూడవలసింది ఆ పట్టికే. నెట్ లేనప్పటికి డెవ్‌డాక్స్ ఉంది. కావలసిన భాషల పత్రాలను అందులో ఒకసారి దించుకుంటే ఫోన్‌లో కూడా నెట్ లేకుండా వెతుక్కోవచ్చు. రావులపాలెం మీదుగా రాజమండ్రి వెళ్లే బస్సులో సిగ్నల్ వచ్చిపోతున్నా నేను ఆగకుండా చదువుకోగలిగింది దానివల్లే. ఇవేవీ డబ్బు అడగవు. చందా కట్టించుకునే కోర్సు కనీసం వీటితో సమానంగా మన శ్రమను కాపాడాలని కోరడం అత్యాశ కాదు.

కాబట్టి ఈ కోర్సు తీసుకుంటే అభ్యాసాలను దాని ఎడిటర్‌లో చేయకండి. మన యంత్రంలోనే నడిచే వీఎస్ కోడ్ ఎడిటర్‌లో మీ సొంత ఫోల్డర్ పెట్టుకుని, ఒక్కొక్క మెట్టు పూర్తి కాగానే, కోడ్ మార్పులను దాచే గిట్‌లో కమిట్ చేసుకోండి, అంటే అప్పటి రూపాన్ని భద్రపరచుకోండి. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2005లో గిట్‌ను తయారుచేసినప్పుడే కమిట్ అన్నది మన యంత్రంలోనే జరిగేట్టు రూపొందించాడు. సర్వర్‌తో పని పుష్ చేసేటప్పుడే, అంటే దాచినదాన్ని అక్కడికి పంపేటప్పుడే వస్తుంది. కరెంటు వచ్చాక తీరిగ్గా పుష్ చేసుకోవచ్చు.

ఇక నన్ను సంతోషపెట్టిన అధ్యాయానికి వస్తాను. పదకొండో అధ్యాయం పేరు 'టెక్స్ట్' అని మామూలుగానే ఉంది, చాలామంది దాటేస్తారు కూడా. నేను ఇంతవరకు డబ్బు పెట్టి కొన్న ఏ కోర్సులోనూ ఈ విషయం ఇంత ఓపికగా చెప్పలేదు. ఉదాహరణలు హిందీలో, థాయ్‌లో ఉన్నాయి, తెలుగు లేదు. కానీ పాఠాన్ని ఆపి తెలుగుతో చేసి చూస్తే ప్రతి మాటా మనకు వర్తిస్తుంది.

రెండేళ్ల క్రితం అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారికి, లోడు ఎక్కడికి చేరిందో ఫోన్‌లో చూసుకునే పేజీ చేసి ఇచ్చాను. చిన్న తెరలో పట్టడానికి ఊరి పేరును ఏడు అక్షరాల దగ్గర కత్తిరించాను, అంటే జావాస్క్రిప్ట్‌లో ముక్క కోసే 'స్లైస్'ను సున్నా నుంచి ఏడు వరకు పెట్టాను. ఇంగ్లీషు పేర్లతో పరీక్షించి సరిపోయిందనుకున్నాను. మర్నాడు ఆయన ఫోన్ చేసి, "ఆయ్, మా ఊరి పేరు తెగిపోయిందండి, అంబాజీప అని పడుతోందండి" అన్నారు. మన కంటికి అంబాజీపేట అంటే అం, బా, జీ, పే, ట అని ఐదు అక్షరాలే. కంప్యూటర్‌కు మాత్రం సున్నా వేరు, దీర్ఘం వేరు, ఏత్వం వేరు, కాబట్టి లెంగ్త్ (పొడవు) అడిగితే 9 అని చెబుతుంది. నేను ఏడో దాని దగ్గర కోసినప్పుడు 'ప' మిగిలి ఏత్వం కత్తిరించుకుపోయింది. పుల్లేటికుర్రు గతి ఇంకా అధ్వానం. నాలుగు దగ్గర కోస్తే 'పుల్' అని పొల్లుతో ఆగిపోతుంది.

దీనికి ఈ అధ్యాయం చూపే పరిష్కారం ఇంటల్ సెగ్మెంటర్ (Intl.Segmenter), అంటే మాటను కంటికి కనిపించే అక్షరాలుగా విడదీసే జావాస్క్రిప్ట్ సాధనం. 2024 ఏప్రిల్‌లో ఫైర్‌ఫాక్స్ కూడా చేర్చుకున్నాక ఇది ప్రధాన బ్రౌజర్లన్నింటిలో ఉంది. దానికి అంబాజీపేట ఇస్తే ఐదు ముక్కలుగానే లెక్కిస్తుంది. అయితే సంయుక్తాక్షరాల దగ్గర ఒక జాగ్రత్త అవసరం. 'స్త్రీ' అన్నదాన్ని యూనికోడ్ (అన్ని లిపులకూ ఉమ్మడి ప్రమాణం) పాత నియమాలు మూడు ముక్కలుగా చూసేవి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌లోనే తెలుగు వంటి లిపులకు ఒత్తులను కలిపి ఉంచే నియమం చేరింది. పాత ఫోన్లలో పాత ఫలితమే వస్తుంది. అందుకే పాఠం చివర చెప్పిన మాట నాకు అన్నింటికంటే నచ్చింది: వీలైతే డేటాను అసలు కోయకండి, పేరును పూర్తిగా పంపి, చోటు చాలనప్పుడు చుక్కలు పెట్టే పనిని సీఎస్ఎస్‌కు వదిలేయండి. అంబాజీపేట పేజీని ఆ రాత్రే అలా మార్చాను.

అదే అధ్యాయంలో ఎస్ఎంఎస్ గురించి కొద్దిగా ఉంది. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడితే, తెలుగులో ఒక్క అక్షరం చేరినా ఆ సందేశం మొత్తానికి పరిమితి 70కి పడిపోతుంది, అది దాటితే రెండు సందేశాల ఖర్చు. ఇక్కడ లెక్కించాల్సింది మన కంటికి కనిపించే అక్షరాలను కాదు, జావాస్క్రిప్ట్ చెప్పే లెంగ్త్‌నే. ఒకే పదానికి తెర మీద ఒక లెక్క, బిల్లు దగ్గర ఒక లెక్క ఎందుకు ఉంటాయో నాకు ఇప్పుడు స్పష్టంగా అర్థమైంది. బటన్ల ఎత్తును పిక్సెళ్లలో బిగించడం వల్ల కింది ఒత్తులు తెగిపోతాయని, పేజీకి తెలుగు భాష గుర్తు పెడితే, తెర మీది అక్షరాలను చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సరైన గొంతుతో చదువుతుందని కూడా అక్కడే ఉంది. మనలో ఎంతమంది ఆ గుర్తు మార్చకుండా తెలుగు పేజీలకు ఇంగ్లీషు గుర్తే వదిలేస్తున్నామో ఒకసారి మీ సైట్ల కోడ్ మొదట్లో ఉండే హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ తెరిచి చూసుకోండి.

మిగతా అధ్యాయాలు బాగానే ఉన్నాయి. రియాక్ట్ (పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) పాఠాలు ఉచితంగా దొరికేవాటికంటే మెరుగ్గా ఏమీ లేవు. వీడియో పక్కన పూర్తి పాఠం అక్షరాల్లో ఉండటం, అందులో వెతకగలగడం మంచి ఏర్పాటు.

నా తీర్పు ఇది. ఏడాది చందా కట్టవద్దు. ఇప్పటికే పనిలో ఉండి తెలుగు సైట్లు చేసేవారు ఒక్క నెలకు తీసుకుని, తొమ్మిది, పదకొండు అధ్యాయాలను సొంత యంత్రంలో చేసుకుంటూ పూర్తిచేయండి, ఆ డబ్బు వృథా కాదు. ఇప్పుడే మొదలుపెడుతున్నవారు, ముఖ్యంగా నెట్ నిలకడగా లేని ఊళ్లలో ఉన్నవారు, ఎడిటర్ బాగుపడేదాకా దీనికి దూరంగా ఉండండి. ఎడిటర్ సంగతి సంస్థకు రెండుసార్లు రాశాను, దాచే కోడ్ పదిహేను లైన్లూ జతచేసి పంపాను. సూచన నమోదు చేసుకున్నామని జవాబు వచ్చింది. నా చందా ఇంకా పది నెలలు ఉంది గనుక ప్రతి నెల మొదటి వారంలో 'ఆఫ్‌లైన్' పెట్టి 'రన్' నొక్కి చూస్తాను. నా కోడ్ తిరిగి కనిపించిన రోజున ఈ వీడియో కింద మొదటి వ్యాఖ్యలో ఆ తేదీ రాస్తాను.