లోటు పూడ్చడానికి ట్రిప్పులు తగ్గిస్తే...

సభకు నమస్కారం.

ప్రజా రవాణా సంస్థకు డబ్బు చాలనప్పుడు ముందుగా కత్తెర పడేది ట్రిప్పుల మీదే. ట్రిప్పు ఆపితే ఇంధనం ఖర్చు ఆ నెలలోనే తగ్గినట్టు లెక్కల్లో కనబడుతుంది. దూరమైన ప్రయాణికుడు మాత్రం ఏ పద్దులోనూ కనబడడు. ట్రిప్పుల కోత చిట్టచివరి మార్గం కావాలని గట్టిగా చెప్పడానికే వచ్చాను.

ఒక రూటు తీసుకుందాం. గంటకు ఆరు బస్సులు, అంటే పది నిమిషాలకొకటి. వాటిని మూడు చేస్తే ఇరవై నిమిషాలకొకటి. సగటున అయిదు నిమిషాల ఎదురుచూపు పది నిమిషాలవుతుంది. దారిలో బస్సు మారాల్సిన మనిషికి ఈ భారం రెండుసార్లు పడుతుంది. ఇక ఒక బస్సు దారిలో చెడిపోయిందంటే రెండు బస్సుల మధ్య వ్యవధి నలభై నిమిషాలు. సొంత బండి కొనుక్కోగలవారు ఇక్కడే విడిపోతారు. కొనలేనివారు మిగులుతారు. టికెట్ల రాబడి పడిపోయి, మరుసటి ఏడాది మళ్లీ లోటు, మళ్లీ కోత.

పైగా మిగిలేది అనుకున్నంత ఉండదు. రద్దీ వేళ కోసం కొన్న బస్సు, కట్టిన డిపో, చేసిన అప్పు మధ్యాహ్నం ట్రిప్పు ఆపినంత మాత్రాన తగ్గవు.

ప్రయాణికులు పెరిగితే బస్సులు పెరిగి అందరికీ ఎదురుచూపు తగ్గుతుందని, ప్రభుత్వ రాయితీకి అదొక బలమైన కారణమని ఆర్థికవేత్త హెర్బర్ట్ మోరింగ్ 1972లోనే చూపించారు. కోతలతో ఆ చక్రాన్ని మనమే వెనక్కి తిప్పుతున్నాం.

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో జరిగింది చూడండి. అక్కడ బస్సులు, రైళ్లు నడిపే రవాణా సంస్థ సెప్టాకు ఏటా 21.3 కోట్ల డాలర్ల లోటు. 2025 ఆగస్టు 24న, బడులు తెరవడానికి ముందురోజు, 32 బస్సు రూట్లను ఎత్తేసింది. చాలా రూట్లలో ట్రిప్పులు తగ్గించింది. పిల్లలకు, ఉద్యోగులకు తెల్లవారేసరికి దారి మూసుకుపోయింది. కోర్టు జోక్యం చేసుకున్నాక, సెప్టెంబరులో 21.5 శాతం ఛార్జీల పెంపు అమల్లోకి వచ్చింది, కోతలు వెనక్కి పోయాయి. ఆ ట్రిప్పులు నిలిచింది మాత్రం మూలధన పనులకు ఉద్దేశించిన 39.4 కోట్ల డాలర్లను రెండేళ్లపాటు రోజువారీ ఖర్చులకు మళ్లించడానికి అనుమతి దొరికినందువల్ల.

ఇది విత్తనాల గింజలు వండుకు తినడమే. కొత్త రైలు పెట్టెలు కొనడానికి, పాత పట్టాలు మార్చడానికి ఉన్న డబ్బది. అదే సంస్థ 1970ల నాటి రైలు పెట్టెలను ఇంకా నడుపుతోంది. 2025లో వాటిలో కొన్ని మంటలంటుకున్నాయి. అక్టోబరులో కేంద్ర రైల్వే నియంత్రణ సంస్థ వాటన్నిటినీ తనిఖీ చేయమని ఆదేశించింది. తనిఖీల కోసం పెట్టెలు పక్కన పెడితే ప్రయాణికులకు మళ్లీ రైళ్ల కొరతే. నిధులు మళ్లించినందుకే మంటలు వచ్చాయని నేను అనడం లేదు, అవి అంతకుముందే మొదలయ్యాయి. యాభై ఏళ్ల పెట్టెలను మార్చాల్సిన చోట మార్చే డబ్బునే ముట్టుకోవాల్సి రావడం నన్ను కలవరపెడుతోంది.

ఛార్జీల సంగతి క్లుప్తంగా చెబుతాను. లండన్‌లో 1981 అక్టోబరులో ఛార్జీలు మూడో వంతు మేర తగ్గిస్తే జనం పెరిగారు. న్యాయస్థానం తీర్పుతో 1982 మార్చిలో దాదాపు రెట్టింపు చేస్తే తగ్గిపోయారు. ఛార్జీ కొంత పెంచవచ్చు, కానీ లోటంతా ప్రయాణికుడి జేబులోంచి తీయలేం.

మరి డబ్బెక్కడిది? బస్సు వల్ల బాగుపడేది ఎక్కినవారొక్కరే కాదు. ఉద్యోగులు వేళకు చేరే యజమానులూ లాభపడతారు. అందుకే ఫ్రాన్స్ 1971లో పారిస్ ప్రాంతంలో జీతాల మొత్తంపై యజమానులు చెల్లించే రవాణా పన్ను పెట్టింది, తర్వాత ఇతర నగరాలకూ విస్తరించింది. ఏటా బతిమాలుకునే గ్రాంటు కంటే అది ఎంతో నిలకడైన రాబడి. న్యూయార్క్ 2025 జనవరి 5 నుంచి నగర నడిబొడ్డుకు వచ్చే కార్లపై రుసుము వసూలు చేస్తోంది. ఆ డబ్బును ప్రజా రవాణా మూలధన పనులకే వాడాలని చట్టంలోనే రాసుకుంది. నాకు బాగా నచ్చింది ఆ కట్టడి.

బడ్జెట్ సమావేశాల్లో కూర్చునేవారికి నా విన్నపం ఒకటే. ట్రిప్పు రద్దు ప్రతిపాదన వచ్చినప్పుడు ఎంత మిగులుతుందన్న అంకె పక్కనే మరో రెండు అంకెలు అడగండి: దానివల్ల పోయే టికెట్ల రాబడి ఎంత, వేరే దారి లేక ఆ బస్సునే నమ్ముకున్నవారు ఎందరు? ఆ రెండూ చూపించేదాకా సంతకం పెట్టకండి.